డిస్క్ గోల్ఫ్‌లో ప్రో అవ్వాలంటే: ఉద్యోగం మానేసే ముందు ఏమేం తేల్చుకోవాలి

ఏటా వేసవి వచ్చేసరికి ఇదే ప్రశ్న. నార్త్ కరోలినాలోని షార్లట్‌లో మా వారాంతపు లీగ్ ముగిసి, పార్కింగ్ దగ్గర కారు డిక్కీ తెరిచి నీళ్ళు తాగుతుంటే ఎవరో ఒక తమ్ముడు దగ్గరికొచ్చి “అన్నా, నిన్న 400 అడుగులు విసిరాను, ఇక ప్రోలోకి వెళ్ళిపోవచ్చా?” అని అడుగుతాడు. డాలస్ నుంచీ, ఆస్టిన్ నుంచీ ఫోన్లు చేసేవాళ్ళు కూడా ఇదే అడుగుతారు. కొందరు తల్లిదండ్రులు పిల్లల కోసం అడుగుతారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేకంటే అంతా ఒకచోట రాసిపెడితే మేలనిపించింది. ఎనిమిదేళ్ళుగా ఆడుతున్నాను, లీగ్ నడపడంలో చెయ్యి వేస్తున్నాను, కాబట్టి ఎవరు ఎక్కడ ఆగిపోతారో దగ్గర్నుంచి చూశాను.

ఆట తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. గోల్ఫ్ లాంటిదే, కానీ బంతీ కర్రా ఉండవు, డిస్కుని విసిరి చైన్లు వేలాడే ఇనుప బాస్కెట్‌లో వేయాలి. ఎన్ని తక్కువ విసుర్లలో వేస్తే అంత మంచిది. ఒక్కో బాస్కెట్ దాకా ఆడే దారిని హోల్ అంటారు. మొదటి శాశ్వత కోర్స్ 1975లో కాలిఫోర్నియాలోని ఓక్ గ్రోవ్ పార్కులో వచ్చింది. దాన్ని వేసిన ఎడ్ హెడ్రిక్కే మరుసటి ఏడాది పీడీజీఏ (ప్రొఫెషనల్ డిస్క్ గోల్ఫ్ అసోసియేషన్) సంఘాన్ని మొదలుపెట్టారు. ఇప్పటికీ టోర్నీలూ, రూల్సూ, రేటింగులూ అన్నీ ఆ సంఘం కిందే నడుస్తాయి.

ముందుగా ఒక అపోహ తీసేయాలి. ప్రో అనిపించుకోవడం కష్టం కాదు. ప్రో డివిజన్‌లో ఆడి, వచ్చిన నగదు తీసుకుంటే మీరు ప్రో అయిపోయినట్టే, దానికి పరీక్ష లేదు, సర్టిఫికెట్ లేదు. పోటీలో నిలబడే ప్రో కావడం మాత్రం పూర్తిగా వేరే సంగతి, ఈ రెంటికీ మధ్య కొన్నేళ్ళ సాధన ఉంటుంది. ఆ సాధన సరైన దారిలో సాగుతోందా లేదా అన్నది ఎలా తేల్చుకోవాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

కావలసినవి

- ఒకే మోడల్, ఒకే బరువు పట్టర్లు (దగ్గర్నుంచి బాస్కెట్‌లో వేసే డిస్కులు) 10. మీ చేతికి నచ్చినది ఏదైనా పరవాలేదు, కానీ పదీ ఒకటే ఉండాలి.
- మధ్య దూరానికి మిడ్‌రేంజ్‌లు రెండు మూడు, ఇంకాస్త దూరానికి ఫెయిర్‌వే డ్రైవర్లు మూడు, బాగా దూరానికి డిస్టెన్స్ డ్రైవర్లు రెండు. మొదటి ఏడాదికి ఇంతకు మించి అక్కర్లేదు. బ్యాగులో పాతిక డిస్కులు పెట్టుకుని ఏది తీయాలో తెలియక నిలబడేవాళ్ళని చాలామందిని చూశాను.
- ఇంటి దగ్గర ఒక ప్రాక్టీస్ బాస్కెట్. మడతపెట్టే రకమైనా చాలు.
- కొలత టేపు, ఒక నోటు పుస్తకం.
- స్లో మోషన్ వీడియో తీసే ఫోన్, దాన్ని నిలబెట్టడానికి స్టాండ్.
- మినీ మార్కర్ (డిస్క్ పడిన చోట గుర్తుగా పెట్టే చిన్న డిస్కు), రెండు తువ్వాళ్ళు, పట్టు జారని బూట్లు.
- పీడీజీఏ సభ్యత్వం. ఇది లేకపోతే మీకు అధికారిక రేటింగ్ రాదు.
- వారానికి కనీసం పది గంటల సమయం. ఇది దొరకని వాళ్ళు ఈ ఆటని హాయిగా సరదాకి ఆడుకోవచ్చు, టూర్ (ఊరూరా తిరిగి ఆడే పెద్ద టోర్నీల వరస) ఆలోచన మాత్రం వాయిదా వేసుకోండి.

1. మీరెక్కడున్నారో అంకెల్లో చూసుకోండి

రేటింగ్ లేకుండా “నేను బాగా ఆడతాను” అనుకోవడం తూకం లేకుండా బంగారం కొనడం లాంటిది. సంఘం గుర్తించిన టోర్నీల్లో మీరు ఆడిన ప్రతి రౌండ్‌కీ ఒక అంకె వస్తుంది. ఆ రోజు అదే కోర్స్‌లో ఆడిన మిగతా రేటింగ్ ఉన్న ఆటగాళ్ళ స్కోర్లతో పోల్చి లెక్క కడతారు కాబట్టి కోర్స్ తేలికైనా కష్టమైనా, గాలి ఉన్నా లేకపోయినా అంకె నిజమే చెబుతుంది. గత 12 నెలల రౌండ్లు లెక్కలోకి వస్తాయి, వాటిలో అన్నిటికన్నా కొత్తవైన పాతిక శాతం రౌండ్లని రెండింతలుగా లెక్కిస్తారు. నెలకోసారి రేటింగ్ మారుతుంది.

1000 అంటే స్క్రాచ్ ఆటగాడి స్థాయి, అంటే కోర్స్‌కి పెట్టిన ప్రామాణిక స్కోరు ఆడేవాడిది. మామూలు 18 హోల్స్ కోర్స్‌లో 10 పాయింట్లు అంటే దాదాపు ఒక విసురు. ఇప్పుడు ఈ లెక్క వేసి చూడండి: మీ రేటింగ్ 900 అయితే 1000 ఆటగాడికంటే రౌండ్‌కి పది విసుర్లు వెనకబడ్డట్టు. నాలుగు రౌండ్ల టోర్నీలో అది నలభై అవుతుంది. పెద్ద టూర్‌లో గెలిచే మగవాళ్ళు 1040 దాటి ఉంటారు, అంటే మీ ఊళ్ళో అందరూ మెచ్చుకునే 1000 ఆటగాడు కూడా వాళ్ళ ముందు రౌండ్‌కి నాలుగు విసుర్లు వెనకే. ఈ లెక్క చెప్పింది ఎవరి మనసూ విరిచేయడానికి కాదు, దూరం ఎంతో తెలిస్తేనే ఎంత నడవాలో తెలుస్తుంది.

హెచ్చరిక: ఇంటి దగ్గరి కోర్స్‌లో మాత్రమే ఆడి రేటింగ్ పెంచుకోకండి. ఏ చెట్టు పక్కనుంచి వేయాలో కంఠతా వచ్చిన కోర్స్‌లో వచ్చిన అంకె వేరే ఊళ్ళో నిలబడదు. ఆరు నెలల్లో కనీసం ఐదారు కొత్త కోర్సుల్లో ఆడండి.

ఎలా చెక్ చేసుకోవాలి: మీ చివరి పదిహేను రౌండ్ల అంకెలు పెద్దది పైన, చిన్నది కింద వచ్చేలా ఒక వరసలో రాయండి. అన్నిటికన్నా మంచిది చూసుకుని మురిసిపోకుండా కింది నుంచి నాలుగోది ఎంతో చూడండి. టోర్నీలో టెన్షన్ ఉన్న రోజున మీ ఆట దాదాపు అదే.

2. పటింగ్‌తో మొదలుపెట్టండి

దూరం గురించి అడిగేవాళ్ళు పదిమంది ఉంటే పటింగ్ (దగ్గర్నుంచి బాస్కెట్‌లో వేయడం) గురించి అడిగేవాడు ఒక్కడు. కానీ డబ్బొచ్చేదీ పోయేదీ ఇక్కడే. బాస్కెట్ చుట్టూ 10 మీటర్ల వలయాన్ని సర్కిల్ వన్ అంటారు, 20 మీటర్ల వరకు ఉండేది సర్కిల్ టూ. బాస్కెట్‌కి ఆనుకుని ఉన్నవాటిని తీసేసి లెక్కపెడితే, పై స్థాయి ఆటగాళ్ళు సర్కిల్ వన్ నుంచి నూటికి 80కి పైనే వేస్తారు. మన లీగ్ ఆటగాళ్ళలో చాలామంది సగం వేస్తే గొప్ప, కానీ అడిగితే “నాకు ఎనభై పడతాయి” అంటారు, ఎందుకంటే పడినవే గుర్తుంటాయి.

సాధన ఇలా చెయ్యండి. టేపుతో 5, 7, 9 మీటర్ల దగ్గర గుర్తులు పెట్టండి. పది పట్టర్లు తీసుకుని ఒక్కో గుర్తు నుంచి పదేసి, మొత్తం ముప్పై. పడిన ప్రతిదీ పుస్తకంలో రాయండి. వారానికి ఐదు రోజులు, రోజుకి మూడు విడతలు. నేను పెట్టుకున్న గీత ఇది: 5 మీటర్లలో నూటికి 95, 7లో 80, 9లో 60. మూడు వారాల పాటు సగటున ఇవి నిలబడితే ప్రో డివిజన్‌లో మీ పట్టర్ మిమ్మల్ని ముంచదు.

ఈ సాధనలో ఒక లోపం ఉంది. వరసగా పది విసిరేటప్పుడు నాలుగో విసురుకే చెయ్యి సర్దుకుంటుంది, కానీ టోర్నీలో ఒక్కటే విసురు, అదీ పది నిమిషాలు నడిచి వచ్చాక. అందుకే చివరి విడత ఇలా మార్చండి: ఒక్క పట్టర్ మాత్రమే, ప్రతిసారీ వేరే దూరం, వేరే వైపు, మధ్యలో బాస్కెట్ చుట్టూ ఒక రౌండ్ నడక. పడకపోతే రెండో అవకాశం లేదు.

మొన్న వసంతంలో మా దగ్గరి టోర్నీలో చూసింది చెబుతాను. చివరి హోల్, ఒక ఇరవై రెండేళ్ళ కుర్రాడు, ఐదు మీటర్ల పట్, పడితే మొదటిసారి నగదు వచ్చే స్థానం. బాస్కెట్ వెనక నేల వాలుగా ఉంది. మార్కర్ పెట్టాడు, ఊపిరి తీసుకున్నాడు, వేలు తుడుచుకున్నాడు, అన్నీ బాగానే చేశాడు. విసిరే క్షణంలో ముంజేయి బిగుసుకుంది. డిస్క్ చైన్లకి పైన ఉండే పట్టీకి టంగుమని తగిలి, అంచు మీద పడి, చక్రంలా దొర్లుకుంటూ వాలులోకి వెళ్ళిపోయింది. మళ్ళీ పదమూడు మీటర్ల నుంచి వేయాల్సి వచ్చింది, అదీ పోయింది. ఒక్క పట్‌కి రెండు విసుర్లు పోయాయి. ఆ కుర్రాడు అప్పటికి మైదానంలో 420 అడుగులు విసిరేవాడు.

తప్పులు ఎక్కడ జరుగుతాయంటే:

- చేత్తోనే పట్ చేయడం. శక్తి కాళ్ళ నుంచి రావాలి, ముందు కాలి మీదికి బరువు మారాలి. సాయంత్రానికి భుజం నొప్పి వస్తుంటే మీరు చేత్తోనే వేస్తున్నారు.
- బాస్కెట్ మొత్తాన్ని చూడటం. ఒక్క చైన్ కొక్కెం ఎంచుకుని దాన్నే చూడండి.
- సర్కిల్ వన్ లోపల విసిరాక ముందుకి తూలడం. అక్కడ విసిరిన తర్వాత బ్యాలెన్స్ నిలబెట్టుకుని చూపించాకే మార్కర్ దాటాలి. ఇంటి దగ్గర ఈ అలవాటు లేకపోతే టోర్నీలో అప్పటికప్పుడు రాదు.
- వాలులూ, గాలీ చూడకుండా ప్రతిదీ దూకుడుగా వేయడం. వెనక గొయ్యి ఉండి, 9 మీటర్ల దూరమై, ఎదురుగాలి వీస్తుంటే, బాస్కెట్ కిందకి పడేలా మెల్లగా వేసి తరువాత దాంతో ముగించడం పిరికితనం కాదు.

3. విసురు సరిచేసుకోండి, ఆ తర్వాతే దూరం

దూరం అక్కర్లేదని నేను అనను. ప్రో మగవాళ్ళ డివిజన్‌లో 400 అడుగులు నిలకడగా రాకపోతే చాలా కోర్సుల్లో రెండో విసురుకే వెనకబడతారు. కాకపోతే 400 అడుగులు వేయగలగడం వేరు, పదింటిలో ఎనిమిది 400 అడుగుల దగ్గర, నలభై అడుగుల వెడల్పులో పడటం వేరు.

కొలవడానికి దగ్గర్లో ఉన్న హైస్కూల్ అమెరికన్ ఫుట్‌బాల్ మైదానం చాలు. గోల్ గీత నుంచి గోల్ గీతకి 300 అడుగులు, రెండు చివర్ల ఎండ్ జోన్లు కలిపితే 360. పిల్లలు ఆడని సమయంలో, అనుమతి ఉన్న చోట, ఒకే డిస్క్ మోడల్ పది విసరండి. పొడుగైనదాన్ని పట్టించుకోకండి, వరసలో పెట్టి ఐదో ఆరో స్థానంలోది రాసుకోండి.

అసలు తప్పులు వీడియోలో కనపడతాయి. ఒకసారి వెనక నుంచి, ఒకసారి ఛాతీ వైపు నుంచి తీయండి. నెమ్మదిగా నడిపి ఈ నాలుగూ చూడండి:

ఒకటి, డిస్క్ ముక్కు. ముందు అంచు పైకి లేచి ఉంటే డిస్క్ గాల్లో ఆగిపోయి ఎడమకి కూలిపోతుంది (కుడిచేతి బ్యాక్‌హ్యాండ్‌కి, అంటే చెయ్యి ఛాతీ మీదుగా వెనక్కి చాచి విసిరేదానికి). “నా చెయ్యి బలం చాలట్లేదు” అనుకునేవాళ్ళలో సగం మందికి అసలు జబ్బు ఇదే. చేతిలో తాళం చెవి పట్టుకుని తాళంలో పెట్టి తిప్పేటప్పుడు మణికట్టు ఎలా కిందికి వంగి ఉంటుందో, అలా పట్టుకుని చూడండి.

రెండు, చెయ్యి ఛాతీని చుట్టుకోవడం. వెనక్కి చాచిన చెయ్యి ముందుకు వచ్చేటప్పుడు ఛాతీకి దూరంగా, తిన్నని గీతలో రావాలి. ఛాతీని హత్తుకుని వస్తే శక్తి చస్తుంది, డిస్క్ ఎటు పోతుందో తెలియదు.

మూడు, ముందు పాదం ఎప్పుడు నేలని తాకింది. పాదం స్థిరపడ్డాకే చెయ్యి లాగడం మొదలవ్వాలి. అందరూ చేసే తొందర ఇక్కడే, పాదం గాల్లో ఉండగానే చెయ్యి సగం దూరం వచ్చేసి ఉంటుంది.

నాలుగు, వదిలాక డిస్క్ వణుకుతోందా. కాస్త వణకడం సహజం, కానీ ముప్పై అడుగుల వరకూ ఊగుతూ పోతే మణికట్టు మెలితిరిగినట్టు.

ఒక వారంలో ఒక్క తప్పే సరిచేయండి. నాలుగూ ఒకేసారి పట్టుకుంటే ఉన్నదీ పోతుంది. మార్పు మొదలుపెట్టిన మొదటి రెండు వారాలు దూరం తగ్గుతుంది, భయపడకండి, టోర్నీ ముందు మాత్రం ఏ మార్పూ మొదలుపెట్టకండి.

ప్రత్యామ్నాయం: పరుగు అడుగులు కుదరకపోతే నిలబడే విసరండి. నిలబడి 300 అడుగులు వచ్చేవరకూ పరుగు జోడించకపోయినా నష్టం లేదు. ఇంకా బిగినర్లుగా ఉన్నవాళ్ళు పట్టర్‌తోనే పూర్తి విసుర్లు సాధన చేయండి, తప్పు ఎక్కడుందో పట్టర్ దాచిపెట్టదు, హై స్పీడ్ డ్రైవర్ దాచిపెడుతుంది.

ఫోర్‌హ్యాండ్ తప్పనిసరి. చెరువు నీళ్ళ మీద పెంకు విసిరి కప్పగంతులు వేయించిన వాళ్ళకి ఇది చాలా తొందరగా పట్టుబడుతుంది, మోచెయ్యి నడుముకి దగ్గరగా, చివర్లో మణికట్టు విదిల్చినట్టు వదలాలి. క్రికెట్‌లో బౌండరీ దగ్గర్నుంచి విసిరిన అలవాటుతో భుజం పైనుంచి బలమంతా పెట్టేవాళ్ళకి మాత్రం మోచేతి నొప్పి రావడం ఖాయం. మొదటి నెల 60 శాతం బలం దాటకండి.

4. గాలినీ, కోర్స్‌నీ చదవండి

ఎదురుగాలి డిస్కుని వేగం పెరిగినట్టు చేస్తుంది, అంటే మామూలుగా తిన్నగా పోయేది కుడికి తిరిగిపోతుంది. వెనకగాలి దాన్ని తొందరగా కిందికి దింపుతుంది, ఎడమకి వాలిపోవడం పెరుగుతుంది. అందుకే ఎదురుగాలికి బరువైన, ఎక్కువ ఓవర్‌స్టేబుల్ (ఎడమకి వాలే గుణం ఎక్కువున్న) డిస్కు, వెనకగాలికి తేలికది. కాన్సస్‌లోని ఎంపోరియా లాంటి బహిరంగ మైదానాల్లో ఆడినవాళ్ళకి ఈ సంగతి మొదటి హోల్‌లోనే తెలుస్తుంది. మా కరోలినా అడవుల్లో పెరిగినవాళ్ళకి తెలీదు, మాకు చెట్ల మధ్య సన్నని దారుల్లోంచి తిన్నగా వేయడం వస్తుంది, గాలొస్తే చేతులెత్తేస్తాం. కొలరాడో, యూటా లాంటి ఎత్తయిన చోట గాలి పలచగా ఉండి డిస్కులు ఎక్కువ ఓవర్‌స్టేబుల్‌గా ప్రవర్తిస్తాయి. మీరు పెరిగిన చోట ఏది లేదో దాన్ని వెతుక్కుంటూ వెళ్ళి సాధన చేయండి.

కొత్త కోర్స్‌కి వెళ్ళినప్పుడు ప్రతి హోల్‌కీ ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇక్కడ ఎటువైపు పడితే కొంప మునుగుతుంది? దాన్ని వదిలేసి మిగతా సగంలో వేయండి. 2021 ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో యూటాలోని ఆగ్డెన్‌లో జేమ్స్ కాన్రాడ్ చివరి హోల్‌లో 247 అడుగుల నుంచి నేరుగా బాస్కెట్‌లో వేసి పాల్ మెక్‌బెత్‌తో సమం చేసి, ప్లేఆఫ్‌లో గెలిచాడు. ఆ వీడియో చూసి అలాంటి విసుర్లే సాధన చేసేవాళ్ళున్నారు. ఆ క్షణానికి ఆయన ఒకే ఒక్క విసురు వెనక ఉన్నాడు కాబట్టే ఆ విసురుకి విలువ వచ్చింది, అంతకుముందు ఐదు రౌండ్లు అనవసరంగా విసుర్లు పోగొట్టుకోకుండా ఆడాడు.

5. రూల్స్ నోటికి రావాలి

డివిజన్ పెరిగేకొద్దీ మీ గుంపులోని వాళ్ళు రూల్ తప్పితే ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా. అన్నీ ఇక్కడ రాయను, ఎక్కువగా దెబ్బ తీసేవి మాత్రం:

- మీ వంతు వచ్చాక విసరడానికి 30 సెకన్లు. మొదటిసారి హెచ్చరిక, తర్వాత ఒక్కో పెనాల్టీ.
- నిలబడే చోటు మార్కర్ వెనక 20 సెంటీమీటర్ల వెడల్పు, 30 సెంటీమీటర్ల పొడుగు. వాలులో కాలు జారి మార్కర్ పక్కకి పోతే తప్పే.
- పోయిన డిస్క్ వెతకడానికి మూడు నిమిషాలు. దొరకదని అనుమానం ఉంటే వెతకడానికి వెళ్ళే ముందే గుంపుకి చెప్పి ప్రొవిజనల్ (డిస్క్ దొరకకపోతే లెక్కలోకి వచ్చే అదనపు విసురు) వేయండి.
- ఆలస్యంగా వస్తే తప్పిన ప్రతి హోల్‌కీ పార్ (ఆ హోల్‌కి పెట్టిన విసుర్ల లెక్క) మీద నాలుగు. ట్రాఫిక్ అంటే ఎవరూ వినరు.
- స్కోర్‌కార్డు తప్పుగా ఇస్తే రెండు. రౌండ్ అయ్యాక అలసటలో చూడకుండా సరే అనేస్తారు, ఒక్క నిమిషం కూర్చుని హోల్ హోల్‌కీ చూసుకోండి.
- రౌండ్ మధ్యలో ఖాళీగా ఉన్నామని డిస్కుని ఐదు మీటర్లు దాటి విసరకండి. సాధన విసురు కింద పెనాల్టీ పడుతుంది.

6. మెట్లు ఎక్కండి, దూకకండి

అమెచ్యూర్ డివిజన్లలో బహుమతి డిస్కులూ, వస్తువులూ. ప్రో డివిజన్‌లో నగదు. టోర్నీలు సీ, బీ, ఏ అని పెద్దవవుతూ పోయి, పైన ఎలీట్ స్థాయి, ఆపైన మేజర్లు ఉంటాయి. సౌత్ కరోలినాలోని రాక్ హిల్‌లో 1999 నుంచి జరిగే యూఎస్ ఛాంపియన్‌షిప్ ఆ మేజర్లలో ఒకటి. షార్లట్ వైపు ఉన్నవాళ్ళు ఒక్కసారైనా వెళ్ళి చూడండి, మీరు అనుకుంటున్న స్థాయికీ అసలు స్థాయికీ తేడా కళ్ళెదురుగా కనపడుతుంది.

నా సలహా ఇది. అమెచ్యూర్ అడ్వాన్స్‌డ్‌లో వరసగా మొదటి మూడు స్థానాల్లో వస్తూ, రేటింగ్ 970 దగ్గర నిలకడగా ఉన్నప్పుడు సీ టయర్ టోర్నీల్లో ప్రో డివిజన్ ఆడి చూడండి. అమెచ్యూర్‌గా ఉంటూనే ప్రో డివిజన్‌లో ఆడొచ్చు, నగదు వద్దంటే అమెచ్యూర్‌గానే కొనసాగుతారు. ఈ వెసులుబాటు ఉందని చాలామందికి తెలియదు. ఒక ఐదారు టోర్నీలు అలా ఆడి, ఎన్నిసార్లు నగదు వచ్చే స్థానంలో ఉన్నారో లెక్క పెట్టండి. సగం సార్లయినా లేకపోతే మరో ఏడాది ఆగండి.

వయసు 40 దాటినవాళ్ళు ప్రో మాస్టర్స్ డివిజన్ వైపు చూడండి, అక్కడ పోటీ గట్టిదే కానీ శరీరానికి తగిన ఆట. అమ్మాయిలకి ప్రో విమెన్ డివిజన్ వేరుగా ఉంది. 2022లోనూ 2023లోనూ ప్రపంచ ఛాంపియన్ అయిన క్రిస్టిన్ తట్టర్‌ది అమెరికా కాదు, ఎస్టోనియా అనే చిన్న దేశం.

పిల్లల గురించి అడిగే తల్లిదండ్రులకి ఒక్క మాట. పదేళ్ళ పిల్లాడికి 175 గ్రాముల డ్రైవర్ కొనివ్వకండి. 150 గ్రాములవీ అంతకంటే తేలికవీ దొరుకుతాయి, లేత భుజాలకి అవే మంచివి. జూనియర్ డివిజన్లలో ఆడించండి, ఓడిపోయిన రోజు కారులో స్కోరు గురించి మాట్లాడకండి.

7. డబ్బూ, వీసా

ఇక్కడ నిజం చెప్పకపోతే నేను ఇంత రాసీ లాభం లేదు. 2021లో పాల్ మెక్‌బెత్‌కి డిస్‌క్రాఫ్ట్ కంపెనీతో పదేళ్ళకి కోటి డాలర్ల ఒప్పందం కుదిరింది. అందరూ ఆ వార్త చూసే ఈ దారిలోకి వస్తున్నారు. ఆయన అప్పటికే ఐదుసార్లు ప్రపంచ ఛాంపియన్. మామూలు స్పాన్సర్‌షిప్ అంటే డిస్కులు తక్కువ ధరకి ఇవ్వడం, లేదా కొన్ని ఉచితంగా ఇచ్చి బదులుగా వాళ్ళ లోగో చొక్కా వేసుకుని సోషల్ మీడియాలో పెట్టమనడం. అది జీతం కాదు. సంతకం పెట్టే ముందు వేరే కంపెనీ డిస్కులు వాడొచ్చా, ఎన్ని టోర్నీలు ఆడాలి అన్న రెండూ చదవండి.

ప్రో డివిజన్‌లో సాధారణంగా పైనున్న మూడో వంతు నుంచి 40 శాతం మందికే నగదు వస్తుంది, వాళ్ళలో చివర ఉన్నవాళ్ళకి ఎంట్రీ ఫీజు తిరిగొచ్చినట్టే. అందుకని ఒక టోర్నీకి అయ్యే ఖర్చు అంతా, అంటే ఎంట్రీ, పెట్రోలు, గది, తిండి, పోగొట్టుకున్న డిస్కులు, సెలవు పెట్టిన రోజు జీతం, ఒక వరసలో రాయండి. పక్కన వచ్చిన నగదు రాయండి. ఇలా పది టోర్నీలు రాశాక తేడా ఎంతుందో మీకే తెలుస్తుంది. ఆ తేడాని ఏడాది పాటు భరించే పొదుపు చేతిలో ఉంటేనే టూర్ మాట ఎత్తండి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం కంటే ముందే లెక్క చూసుకోవడం నయం.

వీసా మీద ఉన్నవాళ్ళు ఇది రెండుసార్లు చదవండి. హెచ్‌వన్‌బీ మీద ఉన్నవాళ్ళు స్పాన్సర్ చేసిన కంపెనీకి మాత్రమే పని చేయాలి. ఎఫ్‌వన్ విద్యార్థులకీ పని విషయంలో గట్టి ఆంక్షలున్నాయి. క్రమం తప్పకుండా నగదు బహుమతులు తీసుకోవడం, డబ్బొచ్చే స్పాన్సర్‌షిప్ ఒప్పుకోవడం పని కిందికి వస్తాయా రావా అన్నది లీగ్ స్నేహితులు తేల్చే విషయం కాదు, ఇమిగ్రేషన్ అటార్నీకి ఫీజు ఇచ్చి రాతపూర్వకంగా అడగండి. అప్పటిదాకా అమెచ్యూర్‌గా ఆడండి, లేదా ప్రో డివిజన్‌లో ఆడి నగదు వద్దనండి. రేటింగ్ ఎలాగూ పెరుగుతుంది. ఒక పట్‌కి వచ్చే వంద డాలర్ల కోసం గ్రీన్‌కార్డు ఫైలుని ఇరకాటంలో పెట్టకండి. గ్రీన్‌కార్డో పౌరసత్వమో ఉన్నవాళ్ళు బహుమతి డబ్బు మీద పన్ను ఉంటుందని గుర్తుపెట్టుకుని రసీదులు దాచుకోండి.

8. శరీరం

మోచెయ్యి, భుజం, నడుము, ముందు మోకాలు: ఈ నాలుగే ఎక్కువగా పోయేవి. పూర్తి బలంతో విసిరేవి రోజుకి అరవై దాటనివ్వకండి, వరసగా రెండు రోజులు వద్దు. విసిరే ముందు పది నిమిషాల నడక, నడుము తిప్పడం, మెల్లని విసుర్లు పది. కారులోంచి దిగి నేరుగా డ్రైవర్ తీసి విసిరేవాళ్ళు ముప్పై ఐదు దాటాక మంచం మీద ఆలోచించాల్సి వస్తుంది. నొప్పి రెండు వారాలు తగ్గకపోతే ఫిజియో దగ్గరికి వెళ్ళండి, ఐస్ పెట్టుకుంటూ టోర్నీలు ఆడుతూ పోకండి. ఎండలో రెండు రౌండ్ల రోజున నీళ్ళతో పాటు ఉప్పు ఉన్న ఏదైనా తీసుకోండి. నేనైతే పలచటి మజ్జిగలో ఉప్పేసి ఫ్లాస్కులో పట్టుకెళ్తాను, మధ్యాహ్నం రౌండ్‌లో పిక్కలు పట్టేయడం ఆగింది.

ఇవన్నీ పనిచేస్తున్నాయో లేదో చూసుకోవడం

మూడు నెలలకోసారి ఒక ఆదివారం కూర్చుని నాలుగు అంకెలు పక్కపక్కన రాయండి: 7 మీటర్ల పట్ శాతం, మైదానంలో పదింటిలో మధ్య విసురు దూరం, చివరి పదిహేను రౌండ్లలో కింది నుంచి నాలుగో రేటింగ్, టోర్నీ ఖర్చుకీ రాబడికీ తేడా. మూడు మెరుగుపడి ఒకటి ఆగితే ఆగినదాని మీద వచ్చే మూడు నెలలు పెట్టండి. దూరం పెరిగి రేటింగ్ కదలకపోతే తప్పు దాదాపు ఎప్పుడూ పటింగ్‌లోనో, చెట్లలో పడ్డాక బయటికి తీయాల్సినచోట మొండిగా ముందుకే వేయడంలోనో ఉంటుంది. అలా చెట్లలో పడ్డప్పుడు ఎన్ని విసుర్లు పోయాయో స్కోర్‌కార్డు పక్కన ఒక చుక్క పెట్టుకుంటూ రండి, ఐదు రౌండ్లకి సంగతి బయటపడుతుంది.

ఈ శనివారం టేపు తీసుకెళ్ళి 7 మీటర్ల దగ్గర గీత గీసి, వంద పట్‌లు వేసి, పడిన లెక్క పుస్తకం మొదటి పేజీలో తారీఖుతో సహా రాయండి. “ప్రోలోకి వెళ్ళొచ్చా అన్నా” అని ఈసారి అడిగేటప్పుడు ఆ పేజీ తీసుకురండి, పార్కింగ్ దగ్గరే కూర్చుని చూద్దాం.